నీళ్లలో మెరవణి

మా మండలంలో ఏ ఇంటి పెండ్లి ఆల్బం తిరగేసినా మా నాయన మోచేయి కనపడుతుంది. కొన్నింట్లో భుజం, ఒకటి రెండింట్లో తలగుడ్డ కొస. ముఖం మాత్రం ఎక్కడా లేదు. పెండ్లి మెరవణిలో, అదే ఊరేగింపులో, పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని నడవడం ఆయన పని. వెలుగు పెండ్లికొడుకు ముఖం మీద పడాలి, మోసేవాడు ఫోటోలో పడకూడదు. పడితే ఫోటోగ్రాఫరు "ఏయ్ లైటూ, పక్కకు జరుగు" అని అరిచేవాడు. మా నాయనకు చిన్నపుల్లయ్య అని చక్కటి పేరుంది. మెరవణిలో మాత్రం ఆయన పేరు లైటు.

ఆయన పోయిన తర్వాత గోడకు తగిలించడానికి ఒక ఫోటో కావాల్సి వచ్చింది. ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తే, పోలీసులు వెతుకుతున్న మనిషిలా వచ్చాడు. "ఈ మనిషెవరో నాకు తెల్దు" అని అమ్మ దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. అప్పుడు నేనూ మా పెద్దక్కా ఊరూరా తిరిగి ఆల్బంలు చూశాం. అందరూ కూర్చోబెట్టి కాఫీలిచ్చి మర్యాదగానే చూపించారు. మాకు మోచేతులు దొరికాయి. మోచేతికి దండ వేయలేం కదా, ఉత్త చేతులతో ఇంటికొచ్చాం. ఆ రోజు వచ్చిన ఏడుపు ఆ రోజే అయిపోయింది గానీ కోపం ఇంకా ఉంది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కువైట్‌లో నేను చేసేదీ అదే పని. కాకపోతే నీళ్ల కింద చేస్తాను.

నా పేరు శివపార్వతి. ఇఖామాలో, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డులో, ఇంటి పనిమనిషి అని రాసి ఉంటుంది. అది అబద్ధమేమీ కాదు, ఇల్లు ఊడుస్తాను, వంట చేస్తాను. పని చేసే ఇంటి ఆవిడను ఇక్కడ మామా అంటాం. మా మామా పేరు జకియా. బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. భర్త లేడు, కొడుకులు వేరే కాపురాలు పెట్టుకున్నారు. ఆ వయసు ఆడవాళ్లు చాయ్ తాగుతూ మనవల ముచ్చట్లు చెప్పుకుంటుంటే, ఈవిడ వీపుకు గాలి సిలిండర్లు కట్టుకుని నీటి గుహల్లో దూరి ఫోటోలు తీస్తుంది. ఉప్పునీళ్లు కాదు, మంచినీటి ఊటలు. ఎడారి కింద, కొండల కింద నీళ్లు రాయిని తొలిచి చేసుకున్న గుహలు. కువైట్‌లో అలాంటివి లేవు కాబట్టి సౌదీకో ఒమానుకో పోవాలి. ఊటను అరబ్బీలో ఐన్ అంటారు. కంటికి కూడా అదే మాట. "భూమి కన్ను తెరిచిన చోటు, బార్వతీ" అంటుంది మామా. అరబ్బీలో ప అక్షరం లేదు. అందుకని ఈ దేశంలో నేను బార్వతిని.

ఈ పిచ్చిలోకి నేనెలా వచ్చానో కూడా చెబుతాను. ఒక రోజు మామా ఇంట్లోని స్విమ్మింగ్ పూల్ గట్టున కూర్చుని కెమెరా తుడుస్తుంటే లెన్స్ మూత జారి లోతు వైపు పడిపోయింది. ఎవరినో పిలిపిస్తానని ఫోన్ తీసింది. ఆవిడ నంబరు వెతికేలోగా నేను నైటీతోనే దూకి, అడుగు నుంచి మూత తెచ్చి చేతిలో పెట్టాను. మా ఊరి బావుల్లో బెండు కట్టుకుని ఈత నేర్చుకున్న దాన్ని, నాకిదొక లెక్కా? మామా మూత వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ వారమే నన్ను ఉదయ్‌కుమార్ దగ్గరికి తీసుకుపోయింది.

ఉదయ్‌కుమార్‌ది విశాఖపట్నం. నేవీలో డైవరుగా చేసి వచ్చి ఇక్కడొక డైవింగ్ క్లబ్బులో నేర్పిస్తున్నాడు. మామా గుహలో దిగితే ఆమె ప్రాణానికి పూచీ ఆయనదే. తెలుగువాడు దొరికాడని నేను సంబరపడితే ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. ఏళ్ల తరబడి నేర్పించాడు. ముందు పూల్‌లో, తర్వాత కుబ్బర్ దీవి దగ్గర సముద్రంలో, ఆ తర్వాత కళ్లకు గంతలు కట్టి దారం పట్టుకుని బయటికి రావడం. గుహలో దీపాలన్నీ ఆరిపోయినా చేతిలో దారం ఉంటే బతుకుతాం. గాలిని మూడు వంతులు చేసుకోవాలి. ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, మూడోది ఎవరికైనా ఏదైనా అయితే వాడుకోవడానికి. నీళ్లలో మాటలుండవు, సైగలే. గుహ చీకట్లో చెయ్యి సరిగా కనపడదు కాబట్టి చేతి టార్చితో సైగ చేయాలి. టార్చిని గుండ్రంగా తిప్పితే అంతా బాగుందని అర్థం. అటూ ఇటూ గబగబా ఊపితే ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, ముందు వీటితో పనుంది.

మామా నాకిచ్చిన పని లైటు పట్టడం. కెమెరాకున్న లైటుతోనే తీస్తే గుహ సున్నం కొట్టిన గోడలా చదునుగా వస్తుంది. వెలుగు వేరే మనిషి చేతిలో నుంచి, వేరే మూల నుంచి పడాలి. మొదటి రోజే నేనొక రాతి వెనక్కు పోయి, లైటును సూటిగా కొట్టకుండా ఎదురు గోడ మీదికి కొట్టాను. గోడకు తగిలి తిరిగొచ్చిన వెలుగు మెత్తగా ఉంటుంది. పెండ్లికొడుకు కళ్లు చిట్లించకుండా మా నాయన చేసేది అదే. వీధి గోడలకు కొట్టి ముఖానికి తెచ్చేవాడు. ఆ ఫోటోలు చూసి మామా నన్ను గట్టిగా వాటేసుకుంది. తర్వాత అవి పత్రికల్లో కూడా పడ్డాయి. వాటన్నిటిలో నా వెలుగుంది, ఒక్కదాంట్లోనూ నేను లేను. మామాకు ఒక సూత్రముంది. దీపం కనపడకూడదు, దీపం చూపించేదే కనపడాలి. అరబ్బీలో వింటే ఇంకా గొప్పగా ఉంటుంది. నాకు మాత్రం "ఏయ్ లైటూ, పక్కకు జరుగు" అన్నట్టే వినపడేది.

పోయిన చలికాలం సిటీలో ఒక గ్యాలరీ వాళ్లు మామా ఫోటోలతో ఎగ్జిబిషన్ పెడతామన్నారు. గోడంత పెద్ద ఫోటో ఒకటి కావాలన్నారు, అందులో గుహ మధ్య ఒక మనిషి ఉండాలన్నారు. మనిషి లేకపోతే గుహ ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలియదు. సౌదీలో మామాకు బాగా తెలిసిన ఒక ఐన్ ఉంది. అక్కడే తీద్దామంది.

"ఫోటోలో ఉదయ్ ఉంటాడు. బార్వతి లైటు" అంది, బల్ల దగ్గర రొట్టె తుంచుతూ.

నాకు ఒళ్లు మండింది. "మామా, ఈసారి ఫోటోలో నేనుంటాను" అన్నాను.

మామా తలెత్తింది. "నువ్వుంటే లైటు ఎవరు పడతారు?"

"ఉదయన్న పడతాడు."

"ఉదయ్ పడితే గుహ గుహలా ఉండదు, ఆసుపత్రిలా ఉంటుంది. నీలాగా లైటు పట్టేవాళ్లు నాకింకెవరూ లేరు, హబీబ్తీ."

హబీబ్తీ అంటే బంగారు తల్లి. పొగడ్తే. ఆ పొగడ్తతోనే నన్ను మళ్లీ రాతి వెనక్కు తోసేసింది. పని రాకపోతే ఒక బాధ, మరీ బాగా వస్తే ఇంకో బాధ. ఊరుకుంటే ఇక జీవితమంతా రాతి వెనకే అనిపించింది. అందుకే నాయన సంగతి మొత్తం చెప్పాను. నా వంటింటి అరబ్బీలో మోచేయికి మాట తెలియదు. నా మోచేయి చూపించి, ఇదే, మా నాయన ఫోటో అంటే ఇదొక్కటే అన్నాను. మామా రొట్టె పక్కన పెట్టింది. చాలాసేపు నా మోచేయి వైపే చూసింది.

"సరే. ఉదయ్‌కి నువ్వే నేర్పించు. వాడికొస్తే నువ్వు ఫోటోలో ఉండు. రాకపోతే ఖలాస్" అంది.

అలా నా గురువుకు నేను గురువునయ్యాను. ఉదయన్న నీళ్లలో చేపే, కాదన్న వాళ్లెవరూ లేరు. కానీ చేతికి లైటిస్తే ఎదురొచ్చే లారీ అయిపోతాడు. సూటిగా ముఖం మీదే కొడతాడు.

"అన్నా, మొగం మింద కొట్టగాకు. గోడకు కొట్టు, గోడే తెచ్చిస్తాది" అని పూల్‌లో తల పైకి పెట్టినప్పుడల్లా మొత్తుకునేదాన్ని.

"గోడకి కొడితే గోడ కనిపిస్తాది గానీ, నువ్వెలాగ కనిపిస్తావమ్మా?"

"నువ్వు కొట్టన్నా సామీ. మిగిల్న పని ఎలుగు చూసుకుంటాది."

"నేవీలో అన్నేళ్లు చేసేను. గోడకి లైటు కొట్టమని ఎవరూ చెప్పలేదు" అని గొణుక్కుంటూ మళ్లీ మునిగేవాడు.

చివరికి వచ్చింది, అంతంతమాత్రంగా. మామా చూసి "మాషీ" అంది. నడుస్తుందిలే అని. నాకు అది చాలు.

ఆ ఐన్ ఎడారిలో ఒక రాతి కొండ కింద ఉంది. బయట ఎండ పగలగొడుతుంటుంది. రాళ్ల మీదుగా లోపలికి దిగితే నీడ, ఆ నీడ అడుగున నీళ్లు. వేలు పెట్టి చూస్తే తప్ప నీళ్లున్నాయని తెలియదు, అంత తేట. మునిగిన తర్వాత రెండు వైపులా తెల్లటి సున్నపురాయి గోడలు. మన ఊపిరి బుడగలు పైకప్పుకు అంటుకుని పాదరసంలా పాకుతుంటాయి. అడుగున పిండిలాంటి మన్ను. కాలితో ఒక్కసారి తొక్కితే లేచి కమ్మేస్తుంది, ఇక ఫోటో ఉండదు, దారీ కనపడదు. దారం పక్కనే ఈదుకుంటూ పోతే గుహ ఒక చోట పెద్ద కల్యాణ మంటపమంత అవుతుంది. మామా కెమెరాతో ఒక వైపు ఆగింది. ఉదయన్న లైటు తీసుకుని రాతి వెనక్కు పోయాడు. నేను మధ్యలో నిలిచాను.

పుట్టిన తర్వాత మొదటిసారి వెలుగు నా వైపు వచ్చింది. గర్వంగా ఉండింది, దాచుకోవడమెందుకు? నీళ్లలో తేలుతూనే పెండ్లికూతురిలా నిలబడ్డాను.

అంతలో అన్న పాత అలవాటుకు పోయాడు. లైటు సూటిగా నా కళ్లలో కొట్టాడు. మామా కెమెరా దించి, అయిదు వేళ్ల కొసలూ కలిపి పైకి పెట్టి నిదానంగా ఆడించింది. కొంచెం ఆగు అనడానికి అరబ్బులు అలా చేస్తారు. నాకు ఓపిక లేదు. మా నాయన వాళ్ల మెరవణిలో డప్పుల మోతకు మాట వినపడదు కాబట్టి వాళ్లకూ సైగలుండేవి. ముందున్న మనిషి చెయ్యి అటూ ఇటూ గబగబా ఊపితే, వెనక లైటు మోసేవాడు వెలుగును పక్కకు తిప్పాలి. చిన్నప్పుడు నాయన వెంట నడిచి నడిచి ఆ సైగ నా చేతిలోనే ఉండిపోయింది. లైటు పక్కకు తిప్పన్నా అని నా చేతి టార్చిని అటూ ఇటూ గబగబా ఊపాను.

గుహలో దానికి అర్థమేమిటో మీకు ముందే చెప్పాను.

ఉదయన్న లైటు అక్కడే వదిలేసి రాతి వెనక నుంచి దూసుకొచ్చాడు. రావడం రావడమే తన రెండో గాలి గొట్టం తీసి నా నోటి దగ్గర పెట్టాడు. ఆ వేగానికి అడుగు మన్నంతా లేచింది. మామా వచ్చి నా భుజం పట్టుకుంది. నేను టార్చిని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాను, అంతా బాగుంది, అంతా బాగుంది అని. ఎవరు నమ్ముతారు? ముగ్గురం దారం పట్టుకుని, పాలలో ఈదినట్టు ఆ తెల్లటి బురదలో ఈదుకుంటూ బయటికి వచ్చాం. సిలిండర్లలో గాలి ఇంకా బోలెడు మిగిలే ఉంది.

"ఏటమ్మా ఇది? నీకేటీ అవలేదా?" రాతి మీద కూలబడి అడిగాడు ఉదయన్న.

"ఏం కాలేదన్నా. లైటు పక్కకు తిప్పమన్యా. మా మెరవణిలో అట్లనే ఊపుతారు."

"మెరవణేటి, నా తలకాయి! నీళ్లల్లో ఒకటే బాష. నువ్వు పోయేవనుకున్నాను."

ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అవి గుహ నీళ్లు కావు.

తిరుగు ప్రయాణంలో కారు మామా నడిపింది. వెనక సీట్లో ఉదయన్న గట్టిగానే చెప్పాడు. "ఫోటోలో ఉంటే ఈమె చేతులు ఊరుకోవు మేడం. ఈసారి ఫోటోలో నేనుంటాను, ఈమె లైటు. అలాగైతేనే వస్తాను." మామా వెనక్కి తిరగకుండానే "ఖలాస్" అంది. కువైట్ సరిహద్దు దాటి, ఇళ్లు కనపడేదాకా నేను కిటికీకి తల ఆనించుకుని కూర్చున్నాను. నాయనకు జరిగిందే నాకూ జరుగుతోంది, అదీ నా చేజేతులా.

శుక్రవారం నాకు సెలవు. బస్సెక్కి, మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియా పోయాను. అక్కడ బషీరా బీ ఉంటుంది. మా రాయచోటి మనిషే, టైలరు షాపు వెనక గదిలో జాకెట్లు కుడుతుంది. ఆమె మిషను పక్కన కూర్చుని నా అక్కసంతా వెళ్లగక్కాను. ఆమె కుట్టు ఆపకుండానే విన్నది.

"మీ నాయన మా మెరవణికి గూడా లైటు మోసినాడు, తెల్సునా నీకు?" అంది చివరికి.

"అయితే మీ ఆల్బంలో గూడా మోచేయి ఉంటాది చూసుకో పో."

"ఆల్బం సంగతి నాకు తెల్దు. నేను కిటికీలో నుంచి చూస్తాండా. పెండ్లికొడుకును అంతకు ముందు చూసిందే లే. చీకట్లో నుంచి ఒక మనిషి నెత్తిన దీపం పెట్టుకోని, మెడ నిటారుగా పెట్టి నడ్సుకుంటా వస్తాండాడు. ఆ మనిషి వస్తా ఉంటే ఇండ్లన్నీ ఒగటొగటే బయట పడతాండాయి. ఈయనే పెండ్లికొడుకు గాబోలని మురిసిపోయినా. వెనక గుర్రం మింద బక్కగా ఇంగొకాయన కూచోనుండాడు. వాణ్ని ఎవురు చూసినారు?" అని మిషను ఆపి పడీపడీ నవ్వింది. "ఆ బక్కాయనతోనే కాపరం చేస్తిలే, ఏం జేస్తాం."

నాకు నవ్వు రాలేదు. లేచి చెప్పులు వేసుకున్నాను.

"యాడికే? బిర్యానీ తెప్పిస్తాండా."

"నువ్వు తిను బీ, నాకు పనుండాది" అని బయటపడ్డాను. దారిలో గిన్నెల షాపులో ఒక స్టీలు మూత కొన్నాను.

పెట్రోమాక్స్ లైటుకు ఒక వైపు రేకు కట్టేవాళ్లు. ఆ వైపు వాళ్ల కళ్లలో వెలుగు పడదు, మిగతా వైపులన్నిటికీ పడుతుంది. నా లైటుకు ఈ మూతే రేకు. సాయంత్రం మామానూ ఉదయన్ననూ పూల్ దగ్గరికి పిలిచాను. లైటును నా డైవింగ్ హెల్మెట్ మీద కట్టి, కెమెరా వైపు మూత బిగించి, రెండు చేతులతో పట్టుకుని నీళ్లలో దిగాను. పూల్ అడుగున ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాను. నాయన నడిచినట్టే నడిచాను. మామా కెమెరా తీసుకుని వెంటనే మునిగి నాకు ఎదురుగా ఆగింది.

పైకొచ్చిన తర్వాత గట్టున కూర్చుని, కెమెరా తెర మీద ఫోటో చూసింది. "దీపం కనపడుతోంది" అంది.

"కనపడనీ మామా."

"కనపడకూడదని నీకు తెలుసు."

"దీపం చూపించేదే కనపడాలన్నావు. ఆ దీపం మోసేవాళ్లనే చూపిస్తే?"

మామా మళ్లీ కెమెరా తెర మీదికి వంగింది. ఫోటోను పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. పూల్ గోడల మీది నీలం పెంకులన్నీ నా వెనకా పక్కలా వెలుగుతున్నాయి. అవి వెనక్కి కొట్టిన వెలుగులో నా ముఖం మెత్తగా కనపడుతోంది. ఈ ఇంట్లో అన్నేళ్లు ఉండి, మామా నన్ను అప్పుడే చూస్తున్నట్టు అనిపించింది.

"మరి సైగలో?" అన్నాడు ఉదయన్న, చేతులు కట్టుకుని.

"రెండు చేతులూ దీపం మిందే ఉంటాయన్నా. ఊపేదానికి నాకు ఇంగ చెయ్యేదీ?"

ఆయన నవ్వాడు. ఆ మనిషికి పళ్లున్నాయని అప్పుడే తెలిసింది. నవ్వుతూనే మళ్లీ నేవీవాడైపోయి రూల్సు చదివాడు. దీపం హెల్మెట్‌కు గట్టిగా కట్టి ఉండాలి, చేతులు ఊరికే ఆనించాలి, ఏదైనా అయితే చేతులు వదిలి దారం పట్టుకోవాలి. ఆయన ఫోటోలో పడకుండా నా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో రాతి వెనక ఉంటాడు, రెండో గాలి గొట్టం చేతిలో పెట్టుకుని.

"అయితే ఈసారి రాయి ఎనకాల నేనన్నమాట" అన్నాడు.

"అవునన్నా. ఫోటోలో పడగాకు" అన్నాను.

రెండోసారి దిగినప్పుడు నాకు భయం లేదు, తొందరా లేదు. ఆ పెద్ద గది అంచుకు చేరాక చేతి టార్చి ఆర్పి నడుముకు తగిలించుకున్నాను. నెత్తిన దీపం వెలిగించి, రెండు చేతులూ ఆనించి, మెడ నిటారుగా పెట్టాను. దీపం నెత్తిన ఉన్నప్పుడు కిందికి చూడకూడదు. నాయన నాకు నేర్పిన మొదటి మాట అదే. అడుగు మన్ను తగలకుండా కాళ్లు మెల్లగా ఆడిస్తూ ముందుకు పోయాను. నేను పోతుంటే చీకట్లో నుంచి గోడలు ఒకటొకటే బయటపడ్డాయి. ముందు ఒక తెల్లటి స్తంభం, తర్వాత పైకప్పు మడతలు, తర్వాత ఇంకా లోపలికి పోయే దారి. రాతికి ఆ ఊట మొదలైనప్పటి నుంచీ ఉన్న చీకటి అది. దానికి మెరవణి చూపించింది మా ఇంటి వాళ్లు. బషీరా బీ కిటికీలో నుంచి ఏం చూసిందో నాకు అప్పుడు తెలిసింది. మామా ఎన్ని తీసిందో నేను లెక్కపెట్టలేదు. చివరికి దూరంగా చీకట్లో ఆమె టార్చి గుండ్రంగా తిరిగింది. ఆగకుండా తిరుగుతూనే ఉంది.

ఇంటికొచ్చిన తర్వాత మామా కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటో ఎంచింది. నేను చాయ్ తెచ్చి పక్కన నిలబడ్డాను. ఫోటోలో నేనున్నాను. ఎవరి భుజం వెనకో కాదు, మధ్యలో ఉన్నాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఎడమ వైపు అంచులో ఏదో ఉంది" అంది మామా. పెద్దది చేసింది. రాతి పక్క నుంచి నల్లటి డైవింగ్ సూటులో ఒక మోచేయి బయటికొచ్చి ఉంది. ఉదయన్నది. నాకు గాలి అందించడానికి సిద్ధంగా పెట్టుకున్న చెయ్యి.

"అయ్యో ఉదయ్! పర్లేదు, ఈ అంచు కత్తిరించేద్దాం" అంటూ మౌస్ పట్టుకుంది.

"లా, మామా!" అని అరిచాను. చాయ్ సాసరులో ఒలికింది. "అది తీయొద్దు."

మామా వెనక్కి తిరిగింది. నా ముఖం చూసింది, తర్వాత నా మోచేయి చూసింది. మౌస్ వదిలేసింది.

ఎగ్జిబిషన్ రోజు ఆ ఫోటో గోడంతా పరుచుకుంది. కువైటీలు ఆడా మగా దాని ముందు నిలబడి "మాషా అల్లా" అంటున్నారు. బషీరా బీ నల్ల బురఖాలో టిఫిన్ క్యారియరుతో వచ్చి, "చూడండప్పా, మా పెండ్లికొడుకు" అని పక్కనున్న ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయికి తెలుగులోనే చెప్పింది. ఫోటో కింద చిన్న అట్టముక్క మీద అరబ్బీలో మూడు వరుసలున్నాయి. ఫోటో, జకియా. దీపం, బార్వతి బింత్ షిన్నబుల్లయ్య. బింత్ అంటే కూతురు. అరబ్బీలో చ కూడా లేదు, మా నాయన పేరు అలా తయారైంది. అయినా పేరు పేరే. మూడో వరుస నేను అడిగి రాయించింది.

ఉదయన్నకు అరబ్బీ చదవడం వచ్చు. చదివి నా దగ్గరికొచ్చాడు. "మోచేయి, ఉదయ్‌కుమార్ అని రాసేరు. ఇదేటమ్మా, నవ్వులాటా?"

"కాదన్నా. ఎవురన్నా ఎతుక్కుంటా వస్తే దొరకాల గదా" అన్నాను.

ఆయన మళ్లీ పోయి ఆ అట్టముక్క ముందు చాలాసేపు నిలబడ్డాడు.

ఫోన్లో ఫోటో తీసి మా పెద్దక్కకు పంపించాను. మరుసటి రోజు నేను గిన్నెలు తోముతుంటే ఫోన్ చేసింది.

"రాయచోటికి పోయి పెద్దది చేపిచ్చినాం. ఫ్రేం కట్టిచ్చినాం. అమ్మ చానా సేపు చూసింది."

"చూసి ఏమనింది?"

"నువ్వని చెప్తే ఇనదే! నెత్తిన దీపం, ఆ మెడ, ఆ నడక చూడండి, ఈ మనిషి నాకు తెల్సు అంటాది. నాయన మేకుకే తగిలిచ్చింది."

నేను కొళాయి కట్టేశాను. తడి చేత్తోనే ఫోన్లో ఆ ఫోటో తెరిచి, మెడ దగ్గర పెద్దది చేసి చూసుకున్నాను.

"ఉండావా?" అంది అక్క.

"ఉండా. దండ మాత్రం ఏయొద్దని చెప్పు అమ్మకు. నేను బతికే ఉండా."